నూట పదహార్లు ఎక్కువ

రికవరీ ఏజెన్సీల్లో మనుషులు పనిచేయడం మానేసి చాలా కాలమైంది. బెదిరింపుల కంటే వరస కలిపి పిలిస్తేనే బాకీలు వసూలవుతాయని తేలాక, అన్నీ మనుషుల్లా మాట్లాడే మరగొంతులనే పెట్టుకున్నాయి.

కాకినాడలో జాకెట్లు కుట్టుకునే సత్యవేణికి మూడేళ్లుగా రోజూ ఉదయం పదింటికి ఫోన్ చేసే గొంతు పేరు వాసు. భర్త వైద్యానికి ఆమె క్రెడిట్ కార్డు గీకింది. ఆయన దక్కలేదు, బాకీ మిగిలింది.

"టిఫినయ్యిందా పిన్నిగారూ? మోకాలి నొప్పెలా ఉందండి? ఈ నెల కిస్తీ సంగతేంటండి?"

రోజూ ఇవే మాటలు. ఆ తర్వాత ఆ ఇంట్లో కుట్టుమిషను చప్పుడొక్కటే.

ఆ రోజు వాసు, "ఇదే ఆఖరి కిస్తీ అండి. నాలుగు వేలు కట్టేస్తే ఖాతా మూసేస్తాం. ఇక నేను ఫోన్ చెయ్యనండి" అన్నాడు.

"పండక్కైనా చెయ్యవా?"

"బాకీ లేనోళ్లకి చెయ్యడానికి మాకు రూలు లేదండి."

డబ్బు సిద్ధంగానే ఉన్నా సత్యవేణి రెండు రోజులు తాత్సారం చేసింది. మూడో రోజు వీధి చివరి క్యాష్ మిషన్లో నోట్లు వేసి వచ్చింది. ఊరెళ్లిపోయే బంధువు చేతిలో పెట్టినట్టు, పైన నూట పదహార్లు కలిపింది.

మర్నాడు పదింటికి ఫోన్ రాదని తెలిసీ కుట్టు ఆపి కూర్చుంది. ఫోన్ మోగింది.

"పిన్నిగారూ, నూట పదహార్లు ఎక్కువ కట్టేశారండి. ఇప్పుడు మేమే మీకు బాకీ. వెనక్కి పంపాలి, మీ బ్యాంకు ఖాతా నంబరు చెప్పండి."

సత్యవేణి ఎదురుగా ఉన్న పాసుబుక్కును మెల్లగా సొరుగులోకి తోసేసింది.

"చేతిలో పనుంది నాయనా. రేపు చెయ్యి."