కర్ర పడిపోయింది

"మన హేమ ఈ పోటీ గెలిసిందంటే నా కోడలైపోయినట్టే. పదిమందిలో సెప్తన్నాను!" అంటూ సోమేశ్వరరావు తాంబూలం పళ్లెం తెచ్చి గున్నయ్య ముందు పెట్టేశాడు.

గున్నయ్య పళ్లెం వైపు చూశాడు గాని, భార్య కృష్ణవేణి వైపు చూసే ధైర్యం చెయ్యలేదు. పలాసలో సోమేశ్వరరావు జీడిపప్పు ఫ్యాక్టరీలోనే మొగుడూ పెళ్లాలిద్దరికీ పని. కాదంటే రేపటి నుంచి గేటు లోపలికి రానివ్వడు.

"పిల్లని ఓ మాట అడగాల బాబూ" అంది కృష్ణవేణి.

"దాన్నడిగేదేటి సెల్లెమ్మా? బ్యాంకాక్ నుంచి దిగీసరికి విమానం కాడే దండేసీద్దాం. మూఢం పోగానే పెల్లి. ఆ తర్వాత ఈ గెంతులుండవు. నా ఇంటి కోడలు నిక్కరేసుకోని గెంతుతాదేటి?"

చెల్లెమ్మట! నిన్నటిదాకా 'ఏమ్మే' అని పిలిచిన నోరు అది. మూడేళ్ల కిందట కొబ్బరితోటలో నిక్కరు వేసుకుని దూకుతున్న హేమను చూసి కాండ్రించి ఉమ్మిన నోరు కూడా అదే. ఆయనగారి పుత్రరత్నం శ్యాంసుందర్ తండ్రిని మించినవాడు. ఆ దూకడాన్ని చాటుగా వీడియో తీసి ఊళ్లో ఫోన్లన్నిటికీ పంపాడు. ఇవాళ ఆ వెధవే పట్టు లాల్చీ తొడుక్కుని, టీవీలో హేమ కాళ్లు కనబడ్డప్పుడల్లా పెదాలు తడుపుకుంటున్నాడు.

ఆ టీవీ కూడా వాళ్లదే. పలాస నుంచి వ్యాన్‌లో తెచ్చి గున్నయ్య ఇంటి ముందు పందిట్లో పెట్టించారు. పక్కనే ఫ్లెక్సీ. అందులో సోమేశ్వరరావు నిలువెత్తున నిలబడి దండం పెడుతున్నాడు, హేమ ఆయన మోచేతి కింద తపాలా బిళ్లంత ఉంది. వ్యాఖ్యానం ఇంగ్లీషులో వస్తోంటే 'ఈ గోలేటి' అని టీవీ నోరు నొక్కించి, మైకు తనే అందుకున్నాడు.

బ్యాంకాక్‌లో జరుగుతున్న ఆ హైజంప్ పోటీలో ఇక మిగిలింది ఇద్దరే. ఒకరు హేమ, ఇంకొకరు పసుపు బనీను వేసుకున్న ఓ విదేశీ పిల్ల. కర్ర ఒక మీటరు ఎనభై ఆరు దగ్గర ఉంది. హేమ పరుగెత్తుకొచ్చి, గాల్లోకి లేచి, వీపు తగలకుండా కర్ర దాటి అవతల పరుపు మీద పడింది. పందిరంతా ఈలలు.

"అయిపోనాది! గెలిసీసింది!" సోమేశ్వరరావు పళ్లెం ఎత్తి గున్నయ్య చేతుల్లో కుక్కేశాడు. "ఫోటో తియ్యండ్రా!"

అందరూ టీవీకి వీపు పెట్టి వరసగా నిలబడ్డారు. గున్నయ్య నోట్లో లడ్డూ కుక్కడం, ఫోటో సరిగ్గా రాలేదంటే ఇంకో లడ్డూ కుక్కడం. పావుగంట అదే తంతు. కృష్ణవేణిని నాలుగుసార్లు పిలిచారు గాని ఆమె టీవీ ముందు నుంచి లేవలేదు.

వాళ్లు మళ్లీ ఇటు తిరిగేసరికి కర్ర ఇంకొంచెం పైకెక్కి ఉంది. హేమ పరుగెత్తింది. కర్ర పడిపోయింది.

"ఇదేటి, మల్లీ దూకతాది?" అన్నాడు శ్యాంసుందర్.

రెండోసారీ కర్ర పడింది. లడ్డూ నములుతున్న నోళ్లు ఆగిపోయాయి. మూడోసారి మడమ తగిలి, కర్ర హేమతోపాటే పరుపు మీద పడింది.

"కట్టీరా దాన్ని!" అని అరిచాడు సోమేశ్వరరావు. శ్యాంసుందర్ టీవీ కట్టేశాడు. "మూడుసార్లూ పడగొట్టీసింది! నా పరువు గంగలో కలిపీసింది! ఓడిపోయిన గుంట నాకెందుకే?"

గున్నయ్య చేతుల్లోని పళ్లెం లాక్కున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. లడ్డూల డబ్బాలు సర్దించాడు. పక్కింటి ముసలమ్మ చేతిలో సగం ఒలిచిన అరటిపండు ఉంటే అదీ లాక్కున్నాడు. మనిషన్నవాడికి ఇంత నీచం ఎక్కణ్నుంచి వస్తుందో!

కృష్ణవేణి లేచి ఎదురుగా వచ్చి నిలబడింది. "అయితే ఈ సంబంధం లేనట్టేనా బాబూ?"

"లేదే!"

"కులపెద్ద నీలకంఠం బాబు ఇక్కడే ఉన్నారు. ఆరి ముందర సెప్పీండి."

ఓ మూల కుర్చీలో కూర్చున్న నీలకంఠం ఇబ్బందిగా కదిలాడు. "తొందరపడకు సోమేశ్వర్రావూ. ఎత్తీసిన తాంబూలం మల్లీ అదే గుమ్మంలో ఎట్టడానికి లేదు. మన కట్టుబాటు నీకు తెల్దేటి?"

"ఎట్టను! నా కొడుకు మల్లీ ఈ గుమ్మం తొక్కితే నన్నడగండి!"

"అందరూ ఇన్నారు కదా" అంది కృష్ణవేణి. తనే టీవీ తీగ చుట్టి, తనే ఫ్లెక్సీ విప్పి వ్యాన్‌లో పడేసింది. అరటి గెల మరిచిపోతే అదీ తెచ్చి ఇచ్చింది. వ్యాన్ దుమ్ము రేపుకుంటూ పోయింది.

గున్నయ్య గుమ్మంలో కూలబడిపోయాడు. "కూతురు ఓడిపోయి అక్కడ ఏడుత్తుంటే, తీగ సుట్టి సాగనంపుతావేటే? నీకు మనసెలాగొప్పింది?"

"వ్యాను సుమ్మాదేవి రైలుగేటు దాటిందేటో సూడు."

గున్నయ్య లేచి చూశాడు. "దాటింది. అయితేటి?"

"అయితే ఇప్పుడు సెప్తాను, నీలకంఠం బాబూ, మీరూ ఇనండి. మీరంతా ఫోటోలు దిగుతున్నప్పుడు ఆ పసుపు బనీను పిల్ల మూడుసార్లూ కర్ర తన్నీసి ఔటైపోనాది. బంగారం అప్పుడే మన హేమదైపోనాది. ఆ తర్వాత దూకిన మూడూ రికార్డు కోసం!"