కంప్యూటరు గంట

తెర మీద విండోస్ రంగుల జెండా వచ్చింది. అంతలోనే ముడుచుకుపోయి నల్లబడింది.

"మళ్లీ పాయె మేడం," అన్నాడు ప్రవీణ్.

కంబదూరు పక్కనున్న ఆ పల్లె హైస్కూలుకు అదే మొదటి కంప్యూటరు. బెంగళూరులో భాగాలు కొని, అనంతపురంలో తన గదిలో ప్రవీణే బిగించాడు. అక్కడ చక్కగా నడిచింది. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఇక్కడ మాత్రం జెండా దాకా వచ్చి చచ్చిపోతోంది.

"ఆఫీసరు జీపు కళ్యాణదుర్గంలో బయల్దేరిందంట," అంది హెడ్మిస్ట్రెస్ వనజాక్షి. "ఆయన కండ్ల ముందర నడవకపోతే టౌను బడికి ఎత్తుకపోతారప్పా. మన పిల్లోళ్లకు ఇంకోటి యాడ వస్తాది?"

పైగా కరెంటు అన్నం గంట దాకానే. ఆ ఊళ్లో పగటిపూట అది ఉండేదే ఆ కాసేపు.

కిటికీ ఊచలు పట్టుకుని పిల్లలు చూస్తున్నారు. దుమ్ము పడకూడదని వాళ్లను లోపలికి రానివ్వలేదు. గదిని తడిగుడ్డతో తుడిపించారు. చెప్పులన్నీ బయటే.

ప్రవీణ్ పెట్టె విప్పి మెమరీ కార్డు పీకాడు. పెన్సిలు రబ్బరుతో దాని అంచు రుద్ది మళ్లీ కూర్చోబెట్టాడు. స్విచ్ నొక్కాడు.

ఫ్యాను తిరిగింది. కుయ్‌మంది. జెండా. నలుపు.

"రాహుకాలంలో విప్పితివేమో చూడప్పా," అన్నాడు అటెండరు మారెప్ప.

"నువ్వు గమ్మునుండు మారెప్పా," అంది వనజాక్షి.

అప్పుడే గుమ్మం లోపల ఎవరో నిలబడి ఉండటం ప్రవీణ్ చూశాడు. ముసలాయన. చీలమండల దాకా ఎర్రటి బురద. తుడిచిన బండల మీద తడి అడుగులు.

"ఏయ్, ఎవరప్పా నువ్వు? బురద కాళ్లతో వస్తివి!"

"బడి ఎనక చీనీ తోట నాదే నాయనా. సుంకప్ప అంటారు. పిలగాళ్లు బిక్కమొగమేసుకోని ఉంటే, ఏమైందో అని వస్తి."

"నీ మనవడు గానీ ఉండాడా ఈడ?" అడిగింది వనజాక్షి.

"నాకెవురూ లేరమ్మా."

ఆయన కంప్యూటరు వైపు చూడటం లేదు. నెత్తిమీద ట్యూబులైటు వైపు చూస్తున్నాడు.

"ఈ లైటు ఇట్ల గుడ్డిగానే ఉండాదా?"

"లైటు సంగతి నీకెందుకు పెద్దాయనా? తేమ తగిలితే ఉండేది కూడా పోతాది. ముందు బయటికి నడువు!" కసిరాడు ప్రవీణ్.

సుంకప్ప భుజం మీది తువ్వాలు తీసి, వంగి, తన అడుగులు తానే తుడుచుకుంటూ వెనక్కి వెనక్కి వెళ్లిపోయాడు.

ప్రవీణ్ వైర్లన్నీ ఊడబీకి మళ్లీ పెట్టాడు. చెమట బొట్టు లోపల పడబోతే వనజాక్షి చప్పున తన చెంగు అడ్డం పట్టింది. పరీక్ష అట్ట తీసుకుని విసరసాగింది.

"ఎర్రదుమ్ము లేస్తాంది! జీపు మేడం!" అరిచారు పిల్లలు.

"కడాసారి," అన్నాడు ప్రవీణ్. కార్డు పీకి, రబ్బరుతో గట్టిగా రుద్ది, పెట్టి, కళ్లు మూసుకుని నొక్కాడు.

జెండా వచ్చింది. అందరూ ఊపిరి బిగబట్టారు.

జెండా పోయి, వెనక తెర తెల్లగా తెరుచుకుంది. పిల్లల కేకలకు కప్పు ఎగిరిపోతుందనిపించింది.

"చెప్పితి కదా మేడం, అంతా ఆ కార్డుదే!" ప్రవీణ్ రబ్బరు ముక్కను గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు.

ఆఫీసరు వచ్చాడు, చూశాడు, తల ఊపి వెళ్లిపోయాడు.

ఆ సందడిలో సుంకప్ప మళ్లీ వచ్చి, ఈసారి కిటికీ దగ్గరే ఆగాడు. కాళ్ల మీద బురద ఎండి పొలుసులు కట్టింది.

"నడిచిందా మారెప్పా?"

"నడిచిందిలే. నువ్వు మాత్రం లోపలికి రావాకు సామీ!"

"దినామూ ఏ పొద్దులో నేర్పిస్తారు?"

"పొద్దున ఇంటర్వెల్ అయినాక గంట కొడతామే, ఆ గంటకు. ఏం, నువ్వు కూడా నేర్చుకుంటావా?"

పిల్లలు నవ్వారు. సుంకప్ప కూడా నవ్వి వెళ్లిపోయాడు.

రెండేళ్లు ఆ కంప్యూటరు మొరాయించలేదు. ఆ రబ్బరు ముక్కను వనజాక్షి చాక్‌పీసుల డబ్బాలో భద్రంగా దాచింది.

మూడో ఏడు బడి తెరిచిన వారంలోనే జెండా మళ్లీ ముడుచుకుపోయింది. ప్రవీణ్ వచ్చాడు. రబ్బరు అరిగిపోయేదాకా రుద్దాడు. జెండా, నలుపు. జెండా, నలుపు.

అతను నుదురు తుడుచుకుంటూ తలెత్తాడు. ట్యూబులైటు గుడ్డిగా ఉంది.

"మేడం, ఆ మోటారు మోత యాడిది?"

వనజాక్షి చెవి ఒగ్గి విన్నది. కంప్యూటరు నడిచేటప్పుడు ఆ చప్పుడు ఎప్పుడూ విన్న గుర్తు లేదు. బడి వెనకకు నడిచింది.

చీనీ తోట లేదు. ఎండిన బత్తాయి కొమ్మలు గట్టు మీద కుప్పగా పడి ఉన్నాయి. జయరాముడనే కుర్రరైతు టమాటా సాళ్లకు నీళ్లు కడుతున్నాడు.

"సుంకప్ప యాడప్పా?"

"చెట్లన్నీ ఎండిపాయె మేడం. ఈ చేను నాకమ్మి బళ్లారి పక్క కూలికి పోయినాడు."

"బోరులో నీళ్లుండాయి కదా, ఎట్ల ఎండిపాయె?"

అప్పుడే బడిలో ఇంటర్వెల్ తర్వాతి గంట మోగింది. జయరాముడు అటువైపు చెయ్యి చూపించాడు.

"కరెంటుండేదే ఈ కాసేపు కదా మేడం, ఇదో ఈ గంట ఇనపడితే చాలు, మీ పిలగాళ్ల కంప్యూటరుకు కరెంటు చాలదని, పారే నీళ్లు పారతాండంగానే మోటారు ఆపేస్తాండె ఆ పిచ్చి ముసిలాయప్ప."