వంతకు వదిలిన జాగా

పదకొండేళ్ల క్రితం, తనకు వంత పాడే చెల్లెలు సంతోషి చనిపోయాక దుర్గమ్మ పాట మానేసింది. ఇన్నేళ్లకు మళ్లీ పాడుతున్న కొత్త ఆల్బమ్‌కు ఇక చివరి పాట మిగిలింది. రాత్రి నాచారం ఫ్యాక్టరీల చప్పుడు తగ్గాక, అక్కడి చిన్న స్టూడియోలో దేవుడికి దండం పెట్టుకుని, చెల్లెలి మీద కట్టిన పాట మైకు ముందు పాడింది.

“మధ్య మధ్యల ఆగినవేందమ్మా?” అన్నాడు రికార్డు చేసే ఉపేందర్.

“వంతకు జాగ ఇడ్సిన బిడ్డా. అలవాటు పోతలేదు.”

అతను పాట వినిపించాడు. ఆమె ఆగిన ప్రతిచోటా సన్నని గొంతొకటి ఆ పాదాన్నే తిరిగి పాడుతోంది.

“తుడిపేయాల్నా?” ఉపేందర్ చెయ్యి మీటల మీదికి పోయింది.

“ఆగు. మా చెల్లె.” పిలిస్తే పలికేది దేవుడొక్కడే అనుకుంది ఇన్నాళ్లూ.

పాట అయిపోయింది. ఆ గొంతు ఆగలేదు. దుర్గమ్మ ఎన్నడూ కట్టని పాదం ఎత్తుకుంది. “చీకట్ల ఒక్కదాన్నే ఉన్న, రావే అక్కా...”

ఆపైన, ఆ గొంతే వంత కోసం ఆగింది.

“పాడకమ్మా!” అని ఉపేందర్ అనేలోగా, దుర్గమ్మ గుండె నిండా ఊపిరి పీల్చుకుంది.