అందరికీ వచ్చిన కబురు

ఆ హెచ్చరిక ఊరందరికీ వచ్చింది, ఒక్క ఈశ్వరప్పకు తప్ప.

‘ఎల్లో రోజ్’ అనే పేరుతో మీకొక మెయిలు వస్తుంది, దాన్ని తెరిస్తే కంప్యూటర్లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, తెరవకండి, మళ్ళీ చెబుతున్నాం, తెరవకండి, మీకు కావలసిన వాళ్ళందరికీ ఈ కబురు వెంటనే పంపండి. అదీ సంగతి. 2002లో మదనపల్లెలో కంప్యూటరు ఉన్నవాళ్ళకంటే వైరస్‌కు భయపడేవాళ్ళే ఎక్కువ. చూస్తుండగానే కబురు పుంగనూరు దాటి కుప్పం చేరింది.

ఈశ్వరప్ప తంతి ఆఫీసులో టెలిగ్రాములు కొట్టే పనిచేసి రిటైరైన మనిషి. ముప్పై మూడేళ్ళు ఈ మూడు ఊళ్ళలోనే తిరిగాడు. ఆ రోజుల్లో ఎవరింట్లో పుట్టుకైనా చావైనా ముందు ఆయన చెవిన పడి, ఆ తర్వాతే ఇంటివాళ్ళకు తెలిసేది. ఇప్పుడు పక్క వాటాలో పెళ్ళయినా మేళం వినబడ్డాకే తెలుస్తోంది. భార్య పోయి నాలుగేళ్ళు. పిల్లల్లేరు. పొద్దున ఇంత అన్నం వండుకుంటే ఇక ఆ రోజుకు పనంటూ లేదు.

అందుకే బెంగళూరు రోడ్డులో నందిని పెట్టిన ఇంటర్నెట్ సెంటరుకు అలవాటుపడ్డాడు. ఈమెయిల్ ఐడీ ఆమే తెరిచిపెట్టింది. దాన్ని చీటీల మీద రాసి చుట్టాలకూ, తనతో పనిచేసినవాళ్ళకూ, మొత్తం పదకొండు మందికి పంచి, వాళ్ళ ఐడీలు రాసుకొచ్చాడు. రోజూ పదకొండింటికి వచ్చి మూడో నంబరు సిస్టం ముందు కూర్చుంటాడు. మెయిలు పెట్టె తెరుస్తాడు. ఖాళీ. పోనీలే అని కాసేపు నందినికి తంతి కబుర్లు చెప్పి లేస్తాడు.

చావు తంతి వస్తే వెంటనే ఇంటికి పంపేవాళ్ళం కాదనీ, పంపిన ఆఫీసును మళ్ళీ అడిగి, రెండోసారి కొట్టించుకుని, రూఢి అయ్యాకే గడప దాటించేవాళ్ళమనీ చెప్పేవాడు. పుంగనూరులో ఒక కొత్త గుమాస్తా అలా అడక్కుండా పంపితే, బతికున్న మనిషి కోసం ఇంటిల్లిపాదీ ఒక రోజంతా ఏడ్చారట. నందిని ఈ కథ కనీసం ఆరుసార్లు విన్నది.

ఉత్తరాలు రాకపోతే మానె. హెచ్చరిక కూడా రాకపోవడం మాత్రం ఆయన మనసును కోసేసింది. మంచికి పిలవకపోయినా చెడుకు కబురు చేస్తారు కదా, ఎంత కానివాళ్ళకైనా. తనను కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టారు.

ఉండబట్టలేక ఆరా తీయడం మొదలుపెట్టాడు. టమోటా మార్కెట్టు దగ్గర పాత స్నేహితుడు ఆదినారాయణ కనబడితే ఆపి అడిగాడు.

“వచ్చిందప్పా. అప్పుడే నలభై మందికి పంపినా.”

“నిజమా కాదా అని సూసినావా?”

“నిప్పు లేందే పొగ వస్తాదా? పంపితే మనకు పొయ్యేదేముండాది.”

ఆ నలభై మందిలో తానున్నాడా అని ఈశ్వరప్ప అడగలేదు. లేడని తెలుసు.

పుంగనూరులో మేనల్లుడు గురుమూర్తి ఇంటికి బస్సెక్కి వెళ్ళాడు. గురుమూర్తి ఆఫీసులో అందరికీ పంపాడట, ఎప్పుడో రైల్లో పరిచయమైన మనిషికి కూడా. గురుమూర్తి భార్య కాఫీ ఇస్తూ, మీకు రాలేదా మామా అని అడిగింది. వచ్చే ఉంటుంది, సరిగా చూడలేదని తప్పించుకున్నాడు. తనతో పనిచేసి కుప్పంలో స్థిరపడిన సిద్దప్పకు ఫోను చేస్తే, అయ్యో, నీకు పంపలేదా, మర్చిపోయినట్టుండాను అన్నాడు. మర్చిపోయానని ఒప్పుకున్నవాడు ఆయనొక్కడే. ఈశ్వరప్పకు ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టింది.

జేబు డైరీలో ఒక్కొక్క పేరు ముందూ గీత పెట్టుకుంటూ వచ్చాడు. పదకొండో గీత పెట్టిన రోజు సెంటరుకు వచ్చి, సిస్టం ముందు కూర్చుని, పెట్టె తెరవకుండా అలాగే ఉండిపోయాడు.

“ఒంట్లో బాగలేదా సార్?” అంది నందిని.

“నీకు వచ్చిందా అమ్మా, ఆ రోజా పువ్వు మెయిలు?”

“పది సార్లు వచ్చింది సార్.”

“మరి నాకు యాల పంపలేదు?”

నందిని తెల్లబోయింది. “మీరే కదా సార్ చెప్పింది, మల్లా ఒకసారి అడక్కుండా ఏ కబురూ గడప దాటించగూడదని. వైరస్ మందు చేసే కంపెనీ సైట్లో వెతికి సూసినా. అట్లాంటి వైరస్సే లేదంట. అబద్దమని తెలిసినాక మీకెట్ల పంపేది?”

ఈశ్వరప్ప కళ్ళు తడయ్యాయి. ఊరందరికీ చెప్పినా వినని పాఠం ఒక్కరు విన్నారు. విన్నందుకే ఆ ఒక్క చోటు నుంచీ కబురు రాలేదు.

“అబద్దమని నాకూ తెలుసులే అమ్మా. అయినా నాకు ఒకసారి పంపు.”

నందిని తన సిస్టం దగ్గరకు వెళ్ళి పంపింది. మూడో నంబరు తెర మీద, ఇన్నాళ్ళకు మొదటిసారి, ఒక కొత్త సందేశం అని పడింది.

ఈశ్వరప్ప కళ్ళజోడు తుడుచుకుని తెరిచాడు. ఎవరెవరో ఎవరెవరికో పంపుకున్న పేర్లు ఒకదాని కింద ఒకటి దిగుతూ పోయాయి. నందినికి పంపిన టైలరు, టైలరుకు పంపిన మాస్టారు, ఎక్కడో కింద ఆదినారాయణ. అన్నిటికీ అడుగున అసలు హెచ్చరిక. పాత అలవాటు కొద్దీ తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క మాటా సరిచూసుకున్నాడు.

మూడు నెలల కిందట ఇదే కుర్చీలో కూర్చుని, లేని మనిషి పేరుతో ఇంకో ఐడీ తెరిచి, ఆ పదకొండు మందికీ తాను పంపిన కబురులో ఒక్క అక్షరమూ చెదరలేదు.