పదో తరగతి బంద్

1988 మార్చి ఇరవై మూడు, బుధవారం. ఆ సాయంత్రం మొగిలవ్వ సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు ధారాళంగా వేసి, గిన్నెకు ఒత్తి, ఎర్రగా కాల్చింది. ఇంట్లో తినేది తనూ, కూతురు నీలా. చేసింది మాత్రం వీధికంతా.

సిరిసిల్లలో వాళ్ల సందు నిండా మరమగ్గాలే. పగలూ రాత్రీ ఒకటే మోత. తెల్లారితే నీలకు పదో తరగతి పరీక్షలు మొదలు. పాసైతే జగిత్యాలలో మేనత్త ఇంట్లో ఉండి ఇంటర్ చదువు. ఫెయిలైతే తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టడం. మగ్గం పనికి బొంబాయి పక్కనున్న భీవండి పోతూ తండ్రి ఆ మాట తేల్చి చెప్పే పోయాడు.

బడిలో కోరుట్ల జలపతి సారు తల్లులందరినీ పిలిపించాడు.

"చదివిందేదో చదివిన్రు. ఇగ తిట్టకున్రి, కొట్టకున్రి. కడుపు నిండ పెట్టున్రి, కంటి నిండ పండనియ్యిన్రి. నిద్ర లేకుంటే అచ్చింది గూడ మర్చిపోతరు."

కంటి నిండా నిద్ర! ఈ మోతలోనా? అందుకే మొగిలవ్వ సర్వపిండి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది.

"పుట్టినకాడికెల్లి మోతే. నా బిడ్డ ఒక్కనాడన్న సుఖంగ పండలే. పరీక్షలు ఒడిసేదాక తొమ్మిదింటికి మగ్గాలు బంద్ పెట్టున్రి, మీ కాళ్లు మొక్కుత."

ఎవరూ కాదనలేదు. గోడ పక్క నర్సింగం కూడా. కరెంటు ఉందంటే పండుగ పూటైనా మగ్గం ఆపని మనిషి. రెండు ముక్కలు తిని, మూడోది చేతిలోకి తీసుకున్నాక మాటిచ్చాడు.

"బంద్ పెడుత తియ్యి. ఎట్లనన్న నా కాడ నూలు ఒడిసింది."

"నూలుంటే పెట్టకపోదువా బావా?"

"గీ సర్వపిండి ఇంకొక్కటుంటే పెడుదు."

తొమ్మిదయింది. సందంతా ఒక్కసారిగా మూగబోయింది. కాసేపటికే పోలీసు జీపు వచ్చి ఆగింది. ఆ రోజుల్లో మగ్గాలన్నీ కలిసి ఆగాయంటే, అడవిలోని అన్నలు బంద్ పిలుపునిచ్చారనే లెక్క.

"ఎవరు బంద్ పెట్టమన్నరు?" ఎస్సై గొంతు ఆ నిశ్శబ్దంలో సందు చివరిదాకా వినబడింది. తలుపులన్నీ మూసుకున్నాయి.

మొగిలవ్వ ఒక్కతే వాకిట్లోకి వచ్చింది. "నేనే సారూ."

"నువ్వెవరు? ఏ దళం?"

"దళం గాదు సారూ, నీల వాళ్ల అవ్వను. రేపు పిల్లకు పదో తరగతి పరీక్ష. నిద్ర పట్టాలె గదా అని..."

ఎస్సై నమ్మలేదు. లోపల పుస్తకం గుండెకు హత్తుకుని వణుకుతున్న నీలను చూశాక టోపీ తీసి తల గోక్కున్నాడు. వెళ్లి జీపెక్కాడు. డ్రైవరు తాళం తిప్పబోతే చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు దిగి, జీపును మూలమలుపు దాకా నెట్టుకుంటూ పోయారు.

ఆ రాత్రి గోడ మీది బల్లి చప్పుడు కూడా స్పష్టంగా వినబడింది. నీల అటు దొర్లింది, ఇటు దొర్లింది. కోడి కూసినా కన్ను మూతపడలేదు. పోలీసుల భయం, పరీక్ష భయం అనుకుంది మొగిలవ్వ. నీల ఎర్రబడ్డ కళ్లతో పోయి, తెలుగు పరీక్షలో చివరి ప్రశ్న దగ్గర కునుకు తీసి వచ్చింది. వస్తూ వస్తూ నర్సింగం గడప దగ్గర ఆగి ఏదో మాట్లాడింది.

"ఏమంటుండే?" అడిగింది మొగిలవ్వ.

"ఎట్ల రాసినవని అడిగిండు పెద్దబాపు."

ఆ రాత్రి తొమ్మిదికి మగ్గాలన్నీ ఆగాయి. నర్సింగం మగ్గం మాత్రం టకటకా మొదలైంది.

మొగిలవ్వ గోడ మీద గుద్దింది. ఆ మోతలో వినబడితే కదా! ఎదురింటి సత్యవ్వ వాకిట్లోకి వచ్చి అందుకుంది.

"సర్వపిండి తిన్న నోరేనా గది? మొన్నటిదాక నూలు దొరుకుతలేదని ఏడ్చిండు. పరీక్షలనంగనే దొరికిందా?"

"పోనీ తియ్యే అవ్వా," అంది నీల, పక్కకు తిరిగి దుప్పటి లాక్కుంటూ.

"సూసినవా సత్యవ్వా, నా బిడ్డ మనసు? గాయినకు గింతంత లేదు."

పొద్దున్నే మొగిలవ్వ గడపలో నిలబడి నిలదీసింది. "మాట తప్పినవు బావా."

నర్సింగం దవడలు ఊడేలా ఆవులించాడు. "పైస ఎవలకు చేదు మరదలా? సర్వపిండి మిగిలిందా?"

"మన్ను మిగిలింది. తింటవా?"

సందంతా అతనితో మాటలు మానేసింది. చాయ్ హోటల్లో అతను కూర్చుంటే పక్కవాడు లేచిపోయాడు. నర్సింగం నవ్వి, వాడు వదిలిపోయిన చాయ్ గ్లాసు కూడా తన ముందుకు జరుపుకున్నాడు. రాత్రి తొమ్మిదికి మళ్లీ అదే టకటక.

పాపం, ఆ మోతలోనూ నీల అలసటకు పడుకునేది. హిందీ బాగా రాసింది. లెక్కల పేపరు చూసి జలపతి సారే భుజం తట్టాడు. ముఖం తేటపడింది, ఆకలి పెరిగింది.

ఆఖరి పరీక్ష ముందు రోజు రాత్రి మొగిలవ్వ ఓపిక నశించింది. నీల అప్పటికే సాంఘికశాస్త్రం పుస్తకం మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది. మొగిలవ్వ పొయ్యి దగ్గరి కట్టె అందుకుంది.

"నా పేరు మీద గూడ రెండెయ్యి!" వాకిట్లో నుంచి సత్యవ్వ కేకేసింది.

నర్సింగం షెడ్డు తలుపు దగ్గరగా వేసి ఉంది. మొగిలవ్వ తోసింది. బల్బు కింద, స్టూలు మీద కూర్చుని నర్సింగం కునికిపాట్లు పడుతున్నాడు. తల వాలినప్పుడల్లా ఉలిక్కిపడి లేచి, మగ్గం ఆగలేదు కదా అని చూసుకుంటున్నాడు. తిట్టడానికి మొగిలవ్వ నోరు తెరిచింది.

అంత మోత మోగుతున్న ఆ మగ్గం మీద ఒక్క నూలు పోగు కూడా లేదని చూసి, కట్టెను గోడకు ఆనించి, తలుపును చప్పుడు కాకుండా దగ్గరకు వేసింది.