జరీ అంగీల గదిలో పరీక్ష

గైడు ఉద్యోగం ఒక్కటే. దానికి వచ్చినవాళ్లు ఇద్దరు.

బుఖారాలోని ఆ పాతకాలపు దుస్తుల మ్యూజియానికి ముకర్రమ అధికారి. కాగితాల మీద మార్కులు చూసి మనుషుల్ని నమ్మే రకం కాదు. ఆ ఆదివారం తలకు పూలగుడ్డ కట్టుకుని, చంకలో రొట్టెల సంచి పెట్టుకుని సందర్శకుల్లో కలిసిపోయింది. వచ్చిన ఇద్దరూ ఆమె మొహం ఎరగరు. పొద్దున బెహ్రూజ్, మధ్యాహ్నం ఓయ్దిన్. జనాన్ని ఎవరు బాగా తిప్పితే వాళ్లదే ఉద్యోగం.

బెహ్రూజ్ తాష్కెంట్‌లో చదివొచ్చాడు. మంచి గొంతు. అమీరుగారి జరీ అంగీ ముందు నిలబడి ధారాళంగా మొదలుపెట్టాడు. గుంపులోంచి ఓ ముసలాయన చేతికర్ర ఎత్తాడు.

"బాబూ, ఈ జరీ కుట్టింది ఆడవాళ్లా, మగవాళ్లా?"

"ఆడవాళ్లే, తాతగారూ."

"మా వీధిలో జరీ పనంతా మగవాళ్లదే. అయితే మా నాన్న గడ్డం పెంచిన ఆడమనిషంటావా?"

జనం గొల్లుమన్నారు. బెహ్రూజ్ చెవులు ఎర్రబడ్డాయి.

ముసలాయన అక్కడితో వదల్లేదు. టోపీ మీద మిరపకాయల బొమ్మలెందుకు కుట్టారు? నాలుగే ఎందుకు, ఐదు ఎందుకు కాకూడదు? మూడో గదికి చేరేసరికి బెహ్రూజ్ ఓపిక ఆవిరైపోయింది.

"అన్నీ తెలిసినవారు, మీరే చెప్పుకోండి" అని విసవిసా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఓయ్దిన్ వచ్చింది. సన్నటి పిల్ల. మొదటి రెండు మాటలు వణికాయి. మెట్ల మీద కూర్చుని మాంసం కూరిన సమ్సా తింటున్న ముసలాయన చేతులు దులుపుకుని మళ్లీ గుంపు వెంట బయల్దేరాడు.

'పాపం, ఈ పిల్లకీ మూడింది' అనుకుంది ముకర్రమ. అయినా ఇద్దరికీ ఒకే గీటురాయి దొరికినందుకు సంతోషించింది.

పాత ముసుగు అంగీల దగ్గర కర్ర లేచింది.

"అమ్మాయ్, ఈ చేతులేంటి, వీపు మీద వేలాడుతున్నాయి? దర్జీ తాగి కుట్టాడా?"

"లేదు తాతగారూ. ఒకప్పుడు దీన్ని తొడుక్కునేవాళ్లు. తర్వాత తల మీద కప్పుకోవడం మొదలెట్టారు. చేతులకు పని పోయింది. పనిలేనివాళ్లు ఇలాగే వెనకాల పడి తిరుగుతుంటారు కదా."

ఈసారి జనంతో పాటు ముసలాయనా నవ్వాడు.

"మరి ఈ పెళ్లిబట్ట మీద ఓ మూల పువ్వులు కుట్టకుండా వదిలేశారేం? దారం అయిపోయిందా?"

"కుట్టు పూర్తయితే సంబరమూ అక్కడితో ఆగిపోతుందని భయం, తాతగారూ. మిగిలింది మనవరాలి పెళ్లికి కుడతారు."

వెనక నిలబడ్డ ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

ముకర్రమ తలగుడ్డ విప్పి తానెవరో చెప్పింది. ఉద్యోగం ఓయ్దిన్‌దేనని అందరి ముందూ ప్రకటించింది. తర్వాత ముసలాయనను గుమ్మం దగ్గర ఆపింది.

"పెద్దాయనా, ఇవాళ పరీక్ష పెట్టింది నేను కాదు, మీరు. ఇకనుంచి మీకు టికెట్ అక్కర్లేదు."

"చల్లగా ఉండు తల్లీ. ముసలాడికి పొద్దుపోవాలిగా" అంటూ ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని వంగాడు.

ముకర్రమ పైకెళ్లి ఉత్తర్వు మీద సంతకం చేసి, ముద్ర కొట్టి, గాలి కోసం కిటికీ తెరిచింది.

కింద ఓయ్దిన్ ఆ ముసలాయన చెయ్యి పట్టుకుని నడిపిస్తూ అంటోంది: "పొద్దున ఆ అబ్బాయిని కాస్త కంగారుపెడితే చాలన్నాను గానీ, మరీ అంత ఏడిపించమన్నానా తాతా నిన్ను?"