నీళ్లు దూరిన చోటు

కారు తలుపు తియ్యగానే గుప్పుమని నాచు వాసన.

వెనక సీటు కింద మళ్లీ నీళ్లు. చెప్పు పెడితే చిత్తడి.

ఆ సీటులోనే కూర్చుంటుంది రెండేళ్ల పాప. నెల్లాళ్లుగా పిల్లిపిల్లలా గురగురమంటూ ఊపిరి తీస్తోంది.

"చెమ్మ తగలనివ్వకండి. ఇంకోసారి ఆయాసం వస్తే ఆస్పత్రిలో ఉంచాల్సిందే" అన్నాడు డాక్టరు.

ఇల్లంతా రుద్ది రుద్ది కడిగింది పాప తల్లి. చెమ్మ ఇంట్లో లేదు, కారులో ఉంది.

రెండు షెడ్లు తిరిగింది. ఒకడు తలుపు రబ్బరు మార్చాడు. ఇంకొకడు అద్దం చుట్టూ గమ్ము పూశాడు. వాన పడితే కథ మొదటికే.

ఈ మూడో షెడ్డుకి ఫోన్ చేస్తే, "వానాకాలం కదమ్మా, పది రోజులదాకా ఖాళీ లేదు" అన్నాడు ఎవరో.

కాళ్లావేళ్లా పడైనా చేయించుకుందామని పొద్దున్నే పాపని చంకనేసుకుని వచ్చేసింది.

కాళ్లావేళ్లా పడే పనే లేకపోయింది. ఆమెని చూడగానే మెకానిక్ అడిగాడు, "నీళ్లొచ్చే కారేనా? లోపలికి పెట్టండి."

బెంచీ మీంచి లేవబోయాడు ఒక పెద్దాయన.

పాప దగ్గింది. ఆగకుండా దగ్గింది.

ఆయన మళ్లీ కూర్చున్నాడు.

మెకానిక్ వెనక తలుపు రబ్బరు మీద వేలు పెట్టాడు. "ఇదే అయ్యుంటుంది."

"ఇదివరకే మార్చారయ్యా దాన్ని!"

"నీరు పల్లమెరుగు అన్నారు కదమ్మా" అంటూ దగ్గరికొచ్చాడు పెద్దాయన. "నిలిచిన చోటు వేరు, దూరిన చోటు వేరు. పల్లంలో వెతికితే ఏం దొరుకుతుంది?"

వెలిసిన చొక్కా, చేతిలో టార్చిలైటు, చంకలో పాత పేపర్లు. షెడ్డు మనిషే అనుకుంది ఆమె.

"సూక్తులు తర్వాత చెబుదువుగాని పెద్దాయనా, ముందు చేతులు తుడుచుకో. పాప సీటు అది."

ఆయన చేతులు తుడుచుకున్నాడు.

"పాప పౌడరు ఉందామ్మా?"

"కారుకి పౌడరా? బొట్టు కూడా పెడతావా?"

"పెడదాం, దొంగ దొరికాక."

కార్పెట్ ఎత్తి, రేకంతా తుడిచి, పౌడరు చల్లాడు. ముందు సీట్ల కింద పొడి పేపర్లు పరిచాడు. తలుపులన్నీ వేసుకుని లోపల కూర్చున్నాడు.

"కింద నుంచి మొదలుపెట్టు బాబూ. పైప్‌లో ధార సన్నగా ఉండాలి. నేను చెప్పేదాకా పైకి రాకు. ఇది ఒక్కడివల్ల అయ్యే పని కాదు. లోపల ఒకరుండాలి, బయట ఒకరుండాలి."

"అలాగే బాబాయ్" అన్నాడు మెకానిక్. షెడ్డు తనదైనా ఆయన చెప్పినట్టే చేశాడు.

తలుపుల దగ్గర పోస్తే ఏమీ లేదు. అద్దాల దగ్గర పోసినా లేదు. గంట గడిచింది.

పెద్దాయన కారులోంచి తలెత్తి గోడ గడియారం చూశాడు. కాసేపటికి మళ్లీ చూశాడు.

"అప్పుడే ఆకలా?" అంది ఆమె విసుగ్గా. "కాస్త పని మీద ధ్యాస పెట్టు పెద్దాయనా. అవతల నా పిల్ల ఊపిరి మీదకి వచ్చింది."

"అదే చూస్తున్నానమ్మా."

ధార ముందు అద్దం కిందకి వచ్చింది. వైపర్ల దగ్గర ఆగింది.

"ఆగు! అక్కడే!"

ముందు సీటు కింద పేపరు ముడుచుకుంటోంది. తెల్లటి పౌడరు మీద సన్నటి గీత పాములా పాకుతూ వెనక్కి, సరిగ్గా పాప సీటు కిందకి వెళ్లింది.

వైపర్ల కింద నల్ల జాలీ విప్పారు. లోపల కుళ్లిన ఆకులు గుప్పెళ్లకొద్దీ. బయటికి పోయే కన్నం పూడిపోయి, నీళ్లు ఏసీ గాలి పీల్చుకునే దారిలోకి పొంగుతున్నాయి.

"పాప పీల్చే గాలి కూడా ఈ కుళ్లు మీదుగానే వస్తోందమ్మా" అన్నాడు పెద్దాయన.

ఆమె పాపని పొదువుకుంది. పాప మెడ మీద ముక్కు ఆనించి అలాగే నిలబడిపోయింది.

ఆకులన్నీ తీశారు. బకెట్టుడు నీళ్లు గుమ్మరించారు. లోపల చుక్క రాలేదు.

బయట హారన్ మోగింది. పదకొండు గంటలకి చెప్పుకున్న వాళ్ల కారు వచ్చి నిలబడింది.

పెద్దాయన తడిసిన మోచేతులు దులుపుకున్నాడు. "వస్తానమ్మా. కార్పెట్ రెండెండలు ఎండనివ్వు. నెలకోసారి ఆకులు తీసుకో."

ఆమె సంచీ సర్దుకుంటూ, తలెత్తకుండానే ఊ కొట్టింది.

ఆయన వెళ్లాక మెకానిక్‌తో అంది, "మీ పెద్దాయనకి నోరు ఎక్కువే గానీ పని తెలుసు."

"మా పెద్దాయనా?" మెకానిక్ నోరు తెరిచాడు. "మీ నాన్నగారు కాదా?"

"మా నాన్నా? ఆయనెవరో నాకేం తెలుసు?"

"పాపని ఎత్తుకుని మీరొచ్చారు, పక్కనే ఆయన. అందుకే బాబాయ్ అన్నాను." మెకానిక్ బుర్ర గోక్కున్నాడు. "తొమ్మిదింటికి నీళ్లొచ్చే కారు వస్తుందని మా కుర్రాడు చెప్పాడు. అలా చెప్పుకున్నది మీరే కదా?"

"నేనెక్కడ చెప్పుకున్నాను? పది రోజులాగమన్నారు. ఉండబట్టలేక వచ్చేశాను."

ఇద్దరూ గేటు దగ్గరికి పరుగెత్తారు.

పాత కారొకటి మలుపు తిరిగిపోతోంది. సన్నగా వాన మొదలైంది.

మెకానిక్ లోపలికొచ్చి, ఫోన్ ఎత్తే కుర్రాడు రాసిపెట్టే పుస్తకం తెరిచాడు. ఆమె పాపని భుజాన వేసుకుని వంగి చదివింది.

'తొమ్మిది గంటలు: పెద్దాయన, పాత కారు, సీటు కింద నీళ్లు, ఇంట్లో సాయం పట్టేవాళ్లు లేరట, కాలి ఆపరేషనైన భార్యని ఈ మధ్యాహ్నమే ఆస్పత్రి నుంచి తెచ్చుకోవాలి, కట్టు తడవకూడదట, అన్నిటికన్నా ముందు ఆయనది చూడాలి.'